బాపు ఉద్దెర పుస్తకం

మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకా. ఆఫీసు కాగితాలు మరాఠీలో, ఇంట్లో మాటలు తెలుగులో. గోదావరి దాటితే కాళేశ్వరం. 1980లో పీపుల్స్‌వార్ నక్సలైట్ల దళాలు ఆ నది దాటే మా వైపు వచ్చాయి. మాది గడ్చిరోలి అని తెలియగానే ఇక్కడ హైదరాబాద్‌లో అందరూ ఒకటే అడుగుతారు, కాల్పులు చూశావా అని. చూడలేదు. మా ఇంటిమీద ఆ యుద్ధం పడింది ఉద్దెర పుస్తకం వల్ల.

బాపుది, అంటే మా నాన్నది, రోడ్డు పక్కన కిరాణం. లోపలి ఊళ్ల మాడియా ఆదివాసీలు ఉప్పు, నూనె, సబ్బులు, పొగాకు ఉద్దెర పట్టుకుపోయి, ఎండాకాలం తునికాకు పైసలు చేతికి రాగానే కట్టేవాళ్లు. కొందరు ఇప్పపువ్వు తెచ్చి పోసేవాళ్లు. పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకంలో పేరు, ఊరు, సామాను, బాకీ. బాపు రాత ఎంత కుదురుగా ఉండేదంటే ఎవరైనా చదవొచ్చు. అదే కొంప ముంచింది.

ఒకరోజు పోలీసులు వచ్చి పుస్తకం తీయమన్నారు. ఒక పేరు మీద వేలు పెట్టి, "25 కిలోల బియ్యం ఎవరికి? వీడింట్లో తినేది నలుగురేగా?" అని అడిగారు. "పెండ్లి ఉండె సార్" అన్నాడు బాపు. నిజంగానే పెళ్లి. అయినా ఆ మనిషిని స్టేషన్‌కు తీసుకెళ్లారు. రెండు రోజులకు వదిలేస్తే మా కొట్టు ముందుకు వచ్చాడు. బాపు బల్ల చూపించినా కూర్చోలేకపోయాడు, నిలబడే నీళ్లు తాగాడు. బాపును ఒక్క మాట అనలేదు. ఆ సీజన్లో బాకీ మొత్తం కట్టేసి, మళ్లీ మా కొట్టు మెట్లెక్కలేదు.

తర్వాత కొన్నాళ్లకే రాత్రి తలుపు కొట్టారు. ముగ్గురు అన్నలు, దళం వాళ్లు. "సేటూ, పోలీసోళ్లకు పుస్తకం చూపిస్తున్నవట?" గొంతు పెంచలేదు. మాట్లాడిన పిల్లాడిది కరీంనగర్ యాస, మా మేనమామ మాట్లాడినట్టే ఉంది. ఇన్ఫార్మర్ అని చీటీ పెట్టి మనుషుల్ని చంపుతున్న రోజులవి. బాపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అవ్వ, అంటే మా అమ్మ, అన్నం వండింది. వండనంటే వాళ్లతో తంటా, వండినట్టు తెలిస్తే పోలీసులతో తంటా. తెల్లారి గిన్నెలు వాకిట్లో తోమలేదు. ఎక్కువ కంచాలు కనబడితే లెక్కపెట్టేవాళ్లుంటారని, దొడ్లో మూల కూర్చుని ఒక్కొక్కటే కడిగి లోపలికి తెచ్చింది.

1990ల మొదట్లో టాడా అనే ఉగ్రవాద చట్టం కేసుల్లో జైలుకు పోయిన ఆదివాసీలు బాపుకు తెలుసు. అందుకే ఎక్కువ ఆలోచించలేదు, పుస్తకం పొయ్యిలో పెట్టాడు. బాకీలు కొన్ని నోటి లెక్కమీద వచ్చాయి, కొన్ని పోయాయి. గోడ మీద తెలుగులో, మరాఠీలో "ఉద్దెర లేదు" అని రాయించాడు. టార్చి సెల్లులు మనిషికి రెండు, బియ్యం ఐదు కిలోలు, అంతకు మించి ఇచ్చేవాడు కాదు. లోపలి ఊళ్లవాళ్లకు ఇంకో దారి లేదు. ఇప్పపువ్వు రాలగానే సంతలో దళారి ఎంతంటే అంతకు అమ్ముకుని ఉప్పు కొనుక్కునేవాళ్లు.

2003లో గావ్‌బందీ పథకం వచ్చింది. అన్నలను ఊళ్లోకి రానివ్వబోమని తీర్మానం చేస్తే ఊరికి నిధులు. సంతకం చేస్తే అడవి నుంచి భయం, చేయకపోతే స్టేషన్ నుంచి. ఏటా జులై 28 నుంచి అన్నలు జరిపే అమరుల వారం బంద్ కూడా అంతే. కొట్టు తెరిస్తే ఒక టెన్షన్, మూస్తే ఒక టెన్షన్. బాపు షట్టర్ సగం దించి బయట కూర్చునేవాడు. తెరిచావా అంటే లేదని, మూశావా అంటే లేదని చెప్పొచ్చు కదా! ఇప్పటికీ మా చుట్టాలు ఆ సగం షట్టర్ చెప్పుకుని నవ్వుతారు.

2025 అక్టోబర్‌లో మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ రావు సుమారు 60 మందితో గడ్చిరోలిలో లొంగిపోయినప్పుడు తమ్ముడు ఫోన్ చేశాడు. "ఇంక అయిపోయినట్టే అక్కా, ఉద్దెర మళ్లీ మొదలుపెడతా" అన్నాడు. ఈసారి ఫోన్ యాప్‌లో ఖాతా. పేరు, నంబరు, తేదీ అన్నీ అందులోనే. బాపు ససేమిరా అంటున్నాడు. ఇద్దరి మధ్యా మాటల్లేవు, అవ్వ అటూ ఇటూ కబుర్లు మోస్తోంది. నేను తమ్ముడి వైపే. వానాకాలంలో ఆ ఊళ్లలో చేతిలో నగదు ఉండదు, మనం ఇవ్వకపోతే వడ్డీవాడు ఇస్తాడు. ఈ మాట బాపుతో అంటే, "నువ్వు హైదరాబాద్‌ల ఉన్నవు, నువ్వట్లనే అంటవు" అని ఫోన్ పెట్టేశాడు.