పాటలో ఏడుపు, వీడియోలో నల్ల కళ్లద్దాలు

మా బాబాయి కొడుకు పాటలు పాడతాడు. తమ్ముడని చెప్పడం కాదు, నిజంగానే బాగా పాడతాడు. పోయిన చలికాలంలో సొంతంగా రాసుకున్న ఒక ఫోక్ సాంగ్‌ని కృష్ణానగర్‌లో ఒక చిన్న స్టూడియోలో రికార్డు చేయించుకుని తిన్నగా నా దగ్గరికొచ్చాడు, "అక్కా, వీడియో నువ్వే ఎడిట్ చెయ్యాలె" అని. నాకు పెళ్లి వీడియోలు, ఆఫీసులో ప్రోమోలు తప్ప పాట కట్ చేసిన అనుభవం లేదు. అయినా ఒప్పుకున్నాను. జనగామ వైపు ఊరొదిలి హైదరాబాద్ వచ్చేసిన కుర్రాడి పాట అది. కొడుకెక్కిన ఆఖరి బస్సు కనుమరుగయ్యాక కూడా అమ్మ రోడ్డు మీదే నిలబడి ఉందనేది పల్లవి. ఒక డప్పు, ఒక వేణువు, వాడి గొంతు, అంతే.

మరి వీడియో ఏం తీసుకొచ్చారంటే, గండిపేట దగ్గర అద్దె జీపు, ఇంకో షాటులో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి లైట్లు, నల్ల కళ్లద్దాలు, స్లో మోషన్‌లో ఎగిరే చొక్కా, పైన డ్రోను. ఖర్చులో సగం ఆ డ్రోనుకే పోయింది. నేను నాలుగు రాత్రులు కూర్చుని డప్పు దెబ్బకో కట్ వేసి, ఆదివారం అందరినీ కూర్చోబెట్టి టీవీలో పెట్టాను. మా పిన్ని మొత్తం చూసింది. చూసి, చాయ్ కప్పు కింద పెట్టి, "పాటల్నేమో ఏడుస్తున్నవ్, వీడియోలనేమో ఫోజులు కొడుతున్నవ్, ఏందిరా గిది?" అంది.

అందరం నవ్వాం. వాడు నవ్వలేదు. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు, ఎందుకంటే వీడియోలో ఏదో తేడాగా ఉందని నాకూ అనిపిస్తూనే ఉంది, కానీ లైటింగ్ అనుకున్నాను, కలర్ అనుకున్నాను, లెన్స్ అనుకున్నాను. ఆవిడకి ఇవేవీ తెలియవు కాబట్టి సూటిగా అసలు చోట వేలు పెట్టింది.

మర్నాటి నుంచి నాకొక పిచ్చి పట్టుకుంది. ఏ పాట వీడియో దొరికినా మూడుసార్లు చూడటం. మొదటిసారి సౌండ్ మొత్తం తీసేసి. రెండోసారి కళ్లు మూసుకుని వినడం మాత్రమే. మూడోసారి మామూలుగా. చేసి చూడండి, మీకే తెలుస్తుంది, చాలా వీడియోలు మొదటి రెండుసార్లలో రెండు వేరే వేరే పనులు చేస్తుంటాయి, మూడోసారి ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి తప్ప కలవవు. బస్సులో పక్క పక్క సీట్లలో కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఇద్దరిలాగా.

కలిసిన వాటిలో నాకు ముందు దొరికింది చాలా పాతది, మైకేల్ జాక్సన్ 'బిల్లీ జీన్', 1983. అమెరికాలో ఎమ్‌టీవీ మొదలైంది 1981 ఆగస్టు 1న, అంటే పాటలు చూపించడానికే ఒక ఛానెల్ పెట్టి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. ఆ వీడియోలో అతను అడుగు వేసిన చోటల్లా కాలి కింద పలక వెలుగుతుంది. అంతే, పెద్ద గ్రాఫిక్స్ ఏమీ లేవు. కానీ సౌండ్ తీసేసి చూసినా ఆ బీటు నాకు వినిపించింది. పాట అతని కాళ్లలోంచి పుడుతోందని కన్ను నమ్మేస్తుంది. దాంతో మైకేల్ జాక్సన్ అంటే నడిస్తే నేల వెలిగే మనిషి అనే బొమ్మ కూడా మనలో పడిపోతుంది, ఎవరూ చెప్పకుండానే. ఆ ఏడాది చివర్లో వచ్చిన 'థ్రిల్లర్' దాదాపు 14 నిమిషాల చిన్న సినిమా, అందరూ దాని గురించే మాట్లాడతారు గానీ నాకైతే ఈ పలకలే ఎక్కువ.

ఇక మన దగ్గరికొస్తే కథ వేరు. మనకి పాట అంటే సినిమా పాట. శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో చిత్రలహరి కోసం వాకిట్లోంచి పరిగెత్తుకొచ్చిన తరం మాది. ఆ పాటల్లో గొంతు ఒకరిది, మొహం ఇంకొకరిది, అది మోసం అని ఎవరికీ ఎప్పుడూ అనిపించలేదు. అయితే దానివల్ల ఒక విచిత్రం జరిగింది. గాయకుడికి ఇమేజ్ అనేది లేకుండా పోయింది, పాట ఎంత బాగుంటే హీరో అంత పెరిగాడు. కేబుల్ వచ్చాక 1995లో అలీషా చినాయ్ 'మేడ్ ఇన్ ఇండియా' చూసినప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్లకి అర్థం కాలేదు, "ఈ అమ్మాయి ఏ సినిమా హీరోయిన్?" అని అడిగారు. పాడినామే అని చెబితే, మరి నటిస్తోందేంటి అన్నారు. గొంతూ మొహం ఒకే మనిషివి కావడం అంత కొత్త మాకు.

'నాటు నాటు' గురించి రాయకపోతే హైదరాబాద్‌లో ఉండనివ్వరు కాబట్టి రాస్తున్నాను, నిజానికి నా మూడుసార్ల పరీక్షలో అది ఫస్ట్ క్లాసులో పాసయింది. 2021 ఆగస్టులో కీవ్‌లోని మరియిన్‌స్కీ ప్యాలెస్ ముందు తీశారు. సౌండ్ తీసేసి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. ముఖ్యమైన స్టెప్పు వచ్చినప్పుడల్లా మనుషులు తల నుంచి పాదం దాకా ఫ్రేములో ఉంటారు. పాదాలు కనపడాలి, ఎందుకంటే బీటు అక్కడుంది. ఇద్దరు స్టార్లని పెట్టుకుని క్లోజప్పుల మీద పడకపోవడం చిన్న విషయం కాదు. ప్రేమ్ రక్షిత్ మాస్టర్ వేసిన ఆ గ్యాలస్‌లు లాగే స్టెప్పులో ఇద్దరి కాళ్లూ ఒకేసారి ఒకే పక్కకి వెళతాయి, ఒకడు ఒక్క ఫ్రేము, అంటే రెప్పపాటు, వెనకపడ్డా కంటికి దొరికిపోతుంది. స్నేహం అనే మాటని ఆ కాళ్లే చెబుతున్నాయి, వేరే సీను అక్కర్లేదు.

కానీ గొంతులు? రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. సినిమాలో ఎక్కడా కనిపించరు. 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద వాళ్లిద్దరూ నిలబడి పాడితే, ఈ పాటకి ఒక మొహం ఉందని ప్రపంచంలో చాలామందికి ఆ రాత్రే తెలిసి ఉంటుంది. మన పాతబస్తీ వైపు పిల్లలకి మాత్రం రాహుల్ అంతకు చాలా ముందే తెలుసు, సొంతంగా యూట్యూబ్‌లో పెట్టుకున్న పాటల వల్ల. వాటిలో పాడేదీ అతనే, కనపడేదీ అతనే, ఆ యాసా ఇక్కడి గల్లీలదే. పెద్ద సినిమాలో గొంతు మాత్రమే ఇచ్చిన మనిషి, చిన్న వీడియోలో పూర్తిగా ఉన్నాడు. నాకు ఈ విషయం తడుతూనే మా వాడి కళ్లద్దాలు గుర్తొచ్చాయి. వాడు ప్రైవేట్ సాంగ్ చేస్తూ సినిమా హీరోలా కనపడాలనుకున్నాడు. అంటే సొంత పాటకి తనే ప్లేబ్యాక్ సింగర్ అయిపోయాడు! గొంతు వాడిది, మొహం ఇంకెవరిదో.

'సామజవరగమన' లిరికల్ వీడియో కూడా ఇందుకే నాకిష్టం. 2019లో అది వచ్చినప్పుడు సినిమా విజువల్స్ లేవు, సిద్ శ్రీరామ్ పాడుతుంటే, చుట్టూ వాద్యాలు వాయించేవాళ్లు. తర్వాత సినిమాలో పారిస్ లొకేషన్లతో అదే పాట చూశాను, బాగుంది, కానీ నా బుర్రలో ఆ పాట అనగానే వచ్చేది కళ్లు మూసుకుని పాడే ఆ మనిషే. (మా ఇంట్లో దీని మీద గొడవ. మా ఆయన పారిస్ పార్టీ.)

మొహం చూపిస్తేనే ఇమేజ్ అని కూడా కాదు. 2014లో సియా అనే గాయని తన 'షాండెలియర్' పాటకి తన జుట్టులాంటి విగ్గు ఒక పదకొండేళ్ల పాపకి పెట్టి నాట్యం చేయించి తను కనపడకుండా ఉండిపోయింది. ఆ విగ్గే ఆమె బొమ్మ అయి కూర్చుంది.

ఇప్పుడు ఎడిటింగ్ సంగతి. నేను పనిచేసే చోట ఒక సీనియర్ ఎడిటర్ ఉన్నారు, ఫిలిం రీలు చేత్తో కోసి అతికించిన కాలం మనిషి. ఆయనకి మా వీడియో చూపించాను. చూసి, "ఎన్ని ఫ్రేములకొక కట్ వేశావమ్మా?" అన్నారు. పాట నిమిషానికి 100 బీట్లు, అంటే బీటుకి 0.6 సెకను, సెకనుకి 25 ఫ్రేముల (విడి బొమ్మల) లెక్కన సరిగ్గా 15 ఫ్రేములు. గర్వంగా చెప్పాను. ఆయన, "అంటే గడియారం చేశావన్నమాట" అన్నారు. ప్రతి దెబ్బకీ కట్ పడితే రెండో చరణానికి వచ్చేసరికి కన్ను ముందే లెక్క కట్టేస్తుందట, ఇక చూడటం మానేస్తుందట. దెబ్బ మీద వేయాలనుకున్న కట్ కూడా ఒకటి రెండు ఫ్రేములు ముందుగా వేయమన్నారు, కొత్త బొమ్మని అందుకోవడానికి కంటికి ఆ కాస్త టైం కావాలని. మిగతా చోట్ల డప్పుని వదిలేసి గాయకుడు ఊపిరి తీసుకునే చోటు చూసుకోమన్నారు. ఆ మాట విని మళ్లీ పాట పెట్టుకుంటే, మా వాడు 'అమ్మా' అనే ముందు ప్రతిసారీ చిన్నగా ఊపిరి పీలుస్తాడు, నాలుగు రాత్రులు విన్నా నాకు వినపడనేలేదు అది. వినపడే చోటల్లా నేను జీపు పెట్టాను.

స్లో మోషన్ గురించి కూడా అప్పుడే అర్థమైంది. పెదాలు పాటతో కలవాలి, కదలిక మాత్రం నెమ్మదిగా ఉండాలి అంటే, షూటింగ్‌లో పాటని రెట్టింపు స్పీడులో పెట్టి, సెకనుకి 50 ఫ్రేములు తీసి, తర్వాత 25కి తగ్గించాలి. కోల్డ్‌ప్లే అనే ఇంగ్లిష్ బ్యాండ్ వాళ్ల 'యెల్లో' వీడియో ఇలాగే తీశారు, సముద్రం ఒడ్డున ఒక్కడు నడుస్తూ పాడతాడు, ఒకే షాటు. గండిపేట దగ్గర మా వాళ్లూ అదే పద్ధతి చేశారు, బ్లూటూత్ స్పీకర్లో ఆ ఏడుపు పాట చిట్టెలుక కీచుమన్నట్టు వస్తుంటే మొక్కజొన్న పొత్తులు కాల్చుకునే ఆమెతో సహా అందరూ నవ్వారట. టెక్నిక్ ఒక్కటే. కానీ 'యెల్లో'లో ఆ నెమ్మదితనం ఒంటరితనంలా ఉంటుంది, మా దాంట్లో చొక్కా ప్రకటనలా ఉంది.

మళ్లీ తీద్దామంటే వాడు వారం మాట్లాడలేదు. డబ్బులైపోయాయి, పైగా అవమానం. చివరికి ఒక ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర, జనగామ, హన్మకొండ బస్సులు ఆగే చోట, నా ఫోనుతోనే తీశాం. మేకప్పు లేదు, జీపు లేదు. వాడిని పాడొద్దన్నాను, సంచి పట్టుకుని బస్సుల బోర్డులు చదువుతూ నిలబడమన్నాను. రెండు బస్సులు వచ్చి వెళ్లాయి. కండక్టర్ ఒకాయన "ఎక్కుతవా లేదా?" అని అరిచాడు, వాడు ఉలిక్కిపడి తల అడ్డంగా ఊపాడు. ఆ ముక్క అలాగే ఉంచేశాను, పల్లవి మొదటిసారి అయిపోయే చోట. పెదాలు కదిపింది మొత్తం వీడియోలో ఒకేఒక్క లైనుకి. మొదట మూడు నిమిషాలకి దగ్గర దగ్గర మూడొందల కట్లు ఉండేవి, ఇప్పుడు ముప్పై ఒకటి.

పిన్నికి ఫోన్లో పంపాను. రాత్రి ఫోన్ చేసి వీడియో గురించి ఒక్క మాటా అనలేదు, "వాడు ఉప్పల్ కాడ స్వెటర్ ఏసుకోలే, నువ్వన్న చెప్పద్దా?" అని నన్ను తిట్టింది.

డ్రోను షాటు ఒకటి మాత్రం ఉండాల్సిందేనని వాడు ఒట్టు పెట్టించుకున్నాడు. రెండో చరణంలో ఉంది, నాలుగు సెకన్లు, గండిపేట నీళ్ల మీద నుంచి. అది వచ్చినప్పుడల్లా నేను ఫోను పక్కకి తిప్పుకుంటాను.