పెన్నీకి కావలసింది రెండొందల యాభై డాలర్లు, ఒక గురువారం

'డర్టీ డాన్సింగ్' అనగానే అందరికీ గుర్తొచ్చేది చివరి పాటలో హీరో హీరోయిన్‌ను గాల్లోకి ఎత్తే దృశ్యం. 1987లో వచ్చిన ఆ అమెరికా ప్రేమకథ 1963 వేసవిలో, డబ్బున్న కుటుంబాలు సెలవులకు వచ్చే రిసార్టులో జరుగుతుంది. అసలు వాళ్లిద్దరూ కలిసి డాన్స్ చేయాల్సిన అవసరం ఎందుకొచ్చింది? హీరో జానీతో జంటగా ఆడే డాన్సర్ పెన్నీ నెల తప్పింది. కారకుడు రాబీ. అక్కడే వెయిటరు, రేపో మాపో మెడిసిన్‌లో చేరబోయేవాడు. చేతులు దులిపేసుకున్నాడు. అబార్షన్ చేసే మనిషి దొరికేది ఒక్క గురువారమే. ఆ రాత్రే ఇంకో హోటల్లో పెన్నీ ప్రోగ్రాం, మానేస్తే పని పోతుంది. అందుకని ఆమె బదులు హీరోయిన్ బేబీ ఆ డాన్స్ నేర్చుకుంది. అబార్షన్ లేకపోతే ఈ ప్రేమకథే లేదు. ప్రచారానికి ముందుకొచ్చిన మొటిమల క్రీము కంపెనీ ఆ భాగం తీసేయమంటే రచయిత్రి ఎలియనోర్ బెర్గ్‌స్టీన్ ఒప్పుకోనిది ఇందుకే.

డబ్బు కోసం బేబీ డాక్టరైన తండ్రి దగ్గరికి వెళ్తుంది. 250 డాలర్లు కావాలంటుంది, ఎందుకో చెప్పదు. చట్టానికి విరుద్ధమైన పని కాదు కదా అని ఆయన అడిగితే కాదని అబద్ధమాడుతుంది. అప్పటికి ఆ అబద్ధం తప్పదు. అమెరికాలో అబార్షన్‌ను హక్కుగా గుర్తించిన రో వర్సెస్ వేడ్ తీర్పు 1973లో గానీ రాలేదు, 2022లో దాన్నీ కొట్టేశారు. డబ్బు చేరింది, గురువారమూ వచ్చింది. ఆ మనిషి మురికి కత్తి, మడత బల్ల పట్టుకొచ్చాడు. మత్తు కూడా ఇవ్వలేదు. పెన్నీ చావుదాకా వెళ్లింది అబార్షన్ వల్ల కాదు, దాన్ని చాటుగా చేయించుకోవలసి రావడం వల్ల. ఆ తర్వాత కూడా సినిమా ఆమెతో పశ్చాత్తాపపు ఏడుపు ఏడిపించదు. ఒంట్లో ఓపిక రాగానే పెన్నీ మళ్లీ పనిలోకి వస్తుంది. కడుపు తీయించుకున్న ఆడపిల్లను చంపేయడమో, జీవితాంతం కుమిలిపోయేలా చేయడమో అలవాటైన మన సినిమాలు చూసి పెరిగినవాళ్లకు ఇది చాలా పెద్ద విషయం.

తిరుపతిలో చదువుకునే అమ్మాయికో, శ్రీసిటీలో షిఫ్టుకెళ్లే అమ్మాయికో ఇదే పరిస్థితి వస్తే బేబీలా అబద్ధమాడనక్కర్లేదు. అబార్షన్‌కు అనుమతిచ్చే 1971 నాటి ఎంటీపీ చట్టం ఉంది, 2021లో సవరించారు. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, అదీ నియమాల్లో చెప్పినవాళ్లకే: అత్యాచారానికి గురైనవాళ్లు, మైనర్లు, కడుపుతో ఉండగా భర్త పోయినవాళ్లు లేదా విడాకులైనవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు, ఇంకొందరు. 24 దాటితే బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. తల్లి ప్రాణం కాపాడటానికైతే ఈ వారాల లెక్క అడ్డురాదు. గర్భనిరోధకం పనిచేయకపోవడం ఒకప్పుడు పెళ్లయినవాళ్లకే చెల్లే కారణం, ఇప్పుడు 'స్త్రీ లేదా ఆమె భాగస్వామి' అని ఉంది. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు పెళ్లికానివాళ్లకూ 24 వారాల వెసులుబాటు వర్తిస్తుందంది. భర్త బలవంతం చేసినా ఈ చట్టం వరకు అది అత్యాచారమేనని కూడా చెప్పింది. ఇంత జరిగినా 'నాకు వద్దు' అనే ఒక్క మాటను మన చట్టం కారణంగా ఒప్పుకోదు, డాక్టరు అభిప్రాయమే రాసి ఉంది. నాకు మింగుడుపడనిది ఇదే.

వారాల లెక్కలో చాలామంది దెబ్బతింటారు. లెక్క మొదలయ్యేది కలిసిన రోజు నుంచి కాదు, ఆఖరిసారి బయట చేరిన మొదటి రోజు నుంచి. నెల తప్పి వారమైందని కిట్‌తో చూసుకునేసరికే ఐదు వారాలు అయిపోయి ఉంటాయి. ఇంట్లో ఎవరికి ఎలా చెప్పాలని ఇంకో నెల నానిస్తే తొమ్మిది దాటిపోతుంది. మాత్రలతో సరిపోయేది సాధారణంగా తొమ్మిది వారాల దాకానే. ఆ తర్వాత పన్నెండు వారాల దాకా గొట్టంతో పీల్చే ఎంవీఏ పద్ధతి ఉంది, కాసేపట్లో అయిపోతుంది. గరిటె లాంటి పరికరంతో గీకే పాత డీ అండ్ సీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. ఏ పద్ధతిలో చేస్తారో అడగడంలో తప్పు లేదు.

మాత్రల ప్యాకెట్టు ఒకసారి దగ్గరగా చూడండి. ఐదు బిళ్లలు, కానీ మందులు రెండు. విడిగా ఉన్న ఒక్క బిళ్ల మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములు. గర్భాన్ని నిలిపి ఉంచే ప్రొజెస్టిరాన్ హార్మోన్‌ను ఇది అడ్డుకుంటుంది. మిగతా నాలుగూ మిసోప్రోస్టాల్, ఒక్కోటి 200 మైక్రోగ్రాములు, గర్భసంచి ముడుచుకొని లోపలున్నది బయటికి రావడానికి. మొదటిదానికీ తర్వాతివాటికీ మధ్య ఒకటి రెండు రోజుల ఎడం ఉండాలి. చీటీ లేకుండా షాపులో కొన్నవాళ్లు ఐదూ ఒకేసారి మింగేసి, మొదటి మందు పనిచేయడానికి వ్యవధి ఇవ్వకుండానే దాన్ని వృథా చేసుకుంటారు. అంతకన్నా ప్రమాదకరమైన పొరపాటు ఇంకోటి ఉంది. గర్భం ట్యూబులో నిలిచి ఉంటే ఈ మాత్రలు దాన్ని తీయలేవు, ట్యూబు పగిలి లోపలే రక్తం పోవచ్చు. డాక్టరు ముందు స్కానింగ్ చేయించేది అందుకే. రక్తం బాగా తక్కువున్నవాళ్లు, లోపల లూప్ ఉన్నవాళ్లు, రక్తం పలుచనయ్యే మందులు వాడేవాళ్లు, నెగటివ్ గ్రూపువాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

నాలుగు బిళ్లలు వేసుకున్న కొన్ని గంటల్లోనే నొప్పి, రక్తస్రావం మొదలవుతాయి, మామూలు నెలసరి కన్నా ఎక్కువగానే. అందుకే సెలవు పెట్టాల్సింది ముఖ్యంగా ఈ రోజుకు. హాస్టల్లో ఒక్కతే పడి ఉండకూడదు, రాత్రికి ఎవరైనా పక్కనుండాలి. గంటకు రెండు ప్యాడ్ల చొప్పున వరసగా రెండు గంటలు తడిసిపోతే, జ్వరం ఒక రోజు దాటినా తగ్గకపోతే, వాసన వస్తే, కళ్లు తిరిగి పడిపోతే తెల్లారేదాకా ఆగొద్దు. అసలు రక్తమే రాకపోయినా అనుమానించాల్సిందే. రెండు వారాలకు మళ్లీ చూపించుకోవాలి. అప్పుడు కిట్‌లో రెండు గీతలు కనబడినా కంగారు పడొద్దు, హార్మోను తగ్గడానికి నాలుగు వారాలు పట్టొచ్చు. డాక్టరు చెప్పకుండా ఇంకో ప్యాకెట్టు మాత్రం వేసుకోవద్దు. ఇంకోమాట: వచ్చే నెలసరికి ముందే మళ్లీ కడుపు నిలవచ్చు, గర్భనిరోధకం గురించి అదే రోజు అడగండి.

బేబీ పెన్నీకి నీతులు చెప్పలేదు. డబ్బు తెచ్చింది, ఆమె పని తన మీద వేసుకుంది. స్నేహమంటే ఆ సినిమాలో అదీ. మన దగ్గరా కావలసింది ఇదే: స్కానింగ్‌కు తోడెళ్లడం, షిఫ్టు మార్చుకోవడం, రాత్రి పక్కన పడుకోవడం. అయితే ఆ డబ్బు తేగలిగింది డాక్టరు కూతురు కాబట్టి. పెన్నీ ప్రాణం నిలిపిన ఆ డాక్టరే జానీని దోషి అనుకొని, రాబీకి చదువుకు చెక్కు ఇవ్వబోతాడు. చదువుకుంటున్న కుర్రాడు కదా, తప్పు చేయడనుకున్నాడు.

పెన్నీ మంచం పక్కన ఆయన మొదట అడిగింది ఈ అమ్మాయికి బాధ్యులెవరని. మన ఆసుపత్రుల్లో అదే 'మొగుడేడమ్మా?' అవుతుంది. పద్దెనిమిది నిండిన ఆడదానికి సంతకం ఒక్కటే కావాలి, ఆమెది. దానికి ఫారం సి ఉంది, అందులో భర్త సంతకానికి చోటే లేదు. మైనరైతేనే, లేదా మానసిక అనారోగ్యం ఉంటేనే సంరక్షకుల సంతకం. మైనర్ విషయంలో పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద పోలీసులకు తెలపాలి గానీ, కోరితే పేరు, ఆనవాళ్లు చెప్పనక్కర్లేదని 2022 తీర్పు చెప్పింది. మీ వివరాలు బయటపెట్టినవాళ్లకు ఏడాది దాకా జైలు పడొచ్చు. ప్రభుత్వాసుపత్రులకు విడిగా అనుమతి పత్రం అక్కర్లేదు, ప్రైవేటులో అయితే ఎంటీపీ అనుమతి పత్రం ఉందో లేదో చూసుకోండి. ఊళ్లో సూదులు వేసే ఆర్‌ఎంపీ దగ్గరికి దీనికి వెళ్లకూడదు. లింగనిర్ధారణను ఆపే 1994 చట్టాన్ని చూపించి 'ఇక్కడ అబార్షన్లు నిషేధం' అంటే అది అబద్ధం, ఆ చట్టం వేరు. భర్తను తీసుకొస్తేనే చేస్తామంటే ఆ మాట కాగితం మీద రాసిమ్మని అడగండి. అయినా వినకపోతే చిత్తూరులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కు ఫోన్ చేయొచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. వారాలు పెరిగిపోకముందే, అదే రోజు చేయండి.