11 షీట్లు పోయాక వచ్చిన తెల్ల ఇల్లు

నిన్న ఉదయం ఆరున్నరకి బొమ్మ పూర్తయింది. గోళ్ల సందుల్లో నీలం ఇంకా వదల్లేదు.

నేను కాపీ చేసింది ఇంగ్లిష్ చిత్రకారుడు థామస్ గిర్టిన్ 1800లో వేసిన నీటిరంగుల బొమ్మ (వాటర్ కలర్) ‘ద వైట్ హౌస్ ఎట్ చెల్సీ’. అసలుది లండన్‌లోని టేట్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. సాయంత్రం వేళ థేమ్స్ నది, ఎడమ పక్క గాలిమర, ఒడ్డున చిన్న తెల్ల ఇల్లు, నీళ్లలో దాని నీడ. తాడేపల్లి నుంచి రోజూ ప్రకాశం బ్యారేజీ మీదుగా ఆఫీసుకి వెళ్లొస్తాను. పొద్దువాలే వేళ కృష్ణ అచ్చం అలాగే ఉంటుంది. అందుకే ఈ బొమ్మ మీద మనసు పడింది.

పెన్సిల్ గీతలు ఒక్క ఆదివారంలో అయిపోయాయి. రంగులు కలపడం కూడా పెద్ద కష్టం కాలేదు.

కష్టమంతా ఆ ఇంటితోనే. మొదటిసారి అంతా వేసేసి, చివర్లో ఇంటి మీద తెల్ల పోస్టర్ కలర్ పెట్టాను. నేను వెళ్లే డ్రాయింగ్ క్లాసులో సార్ ఆ షీట్ పైకెత్తి పట్టుకుని, “చూడండి పిల్లలూ, మేడం గారు గోడకి సున్నం కొట్టారు” అన్నారు. మా అమ్మాయి ఈడు పిల్లలు పదిమంది పగలబడి నవ్వారు. నాకు 43 ఏళ్లు. స్కూటీ మీద బ్యారేజీ దాటేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. తప్పు చెప్పొచ్చు, కానీ ఒప్పేమిటో కూడా చెప్పాలి కదా! నెలనెలా ఫీజు తీసుకునేది అందుకే. పైగా “కాపీ కొడితే కళ రాదు” అని ఇంకో మాట. గిర్టిన్, ఇంకో పేరున్న ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్, ఇద్దరూ 1775లో పుట్టినవాళ్లే. కుర్రతనంలో, బొమ్మలు సేకరించే డాక్టర్ మన్రో అనే ఆయన ఇంట్లో సాయంత్రాలు కూర్చుని వేరేవాళ్ల బొమ్మలు కాపీ చేసేవారు. గిర్టిన్ గీతలు గీస్తే టర్నర్ రంగు పరిచేవాడు. వాళ్లకి పనికొచ్చిన దారి నాకెందుకు పనికిరాదు? ఆ క్లాసు మానేశాను.

గిర్టిన్ ఆ ఇంటికి రంగే వేయలేదని తర్వాత తెలిసింది. చుట్టూ రంగు పరిచి, ఇల్లున్న చోట కాగితాన్ని వదిలేశాడు. నేనూ అలాగే వదిలాను. ఇల్లు తెల్లగానే ఉంది, కానీ దాని పక్కన ఆకాశంలో మరకలాంటి గీత. ఇంటి అంచు చుట్టూ బ్రష్ తిప్పేలోపే పక్కన వేసిన రంగు ఆరిపోయేది. ఎనిమిది షీట్లలోనూ అదే గీత. రాత్రి పడుకున్నా అదే టెన్షన్.

గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయి ఉంటాడు, రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. షీట్లు చూసి అడిగిన మొదటి మాట: “ఫ్యాన్ కింద వేశావా అమ్మాయ్?” అవును. మన ఎండాకాలం, దానికి తోడు ఫ్యాన్ గాలి. తడి నిలిస్తే కదా! తెల్లవారుజామున ఐదింటికి, ఫ్యాన్ కట్టేసి వెయ్యమన్నాడు. రంగు ముందే కప్పు నిండా కలుపుకోవాలి. బోర్డు కింద పుస్తకం పెట్టి వాలుగా ఉంచాలి. అప్పుడు రంగు అడుగు అంచున నీటి చాలులా నిలుస్తుంది. ఆ చాలు తెగకుండా ఇంటికి రెండు వైపులా దించుకుంటూ పోవాలి. దాటిపోయిన చోటికి బ్రష్ మళ్లీ వెళ్లకూడదు.

గిర్టిన్ 1802లో 27 ఏళ్లకే పోయాడని చెబితే బాబాయి కాసేపు మాట్లాడలేదు. “మన రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు కూడా అంతేనే, 27” అన్నాడు.

కాగితం విషయంలో మాత్రం షాపువాళ్ల మాట వినకండి. “ఇది సరిపోద్దండీ” అని ఒకతను నాకు అంటగట్టిన పల్చటి డ్రాయింగ్ షీట్లు తడి తగలగానే అప్పడంలా ఉబ్బాయి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువుండే మందపాటి) కాటన్ పేపరే అడగండి. ఖరీదెక్కువైనా అదే కొనండి.

12వ షీట్ మీద చాలు తెగలేదు. నిన్న మధ్యాహ్నమే గుంటూరు తీసుకెళ్లాను. బాబాయి కళ్లజోడు పైకి తోసి, షీట్‌ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని, ఇంటి మీద వేలితో నెమ్మదిగా రాసి చూశాడు.

“రంగు లేదు. కాగితమే” అన్నాడు.