కెమెరాకు కనబడని సంఘం

వేసవిలో అమెరికాలో మేముండే డాలస్‌లో శనివారం రాత్రి పదకొండున్నర అయ్యేసరికి హనుమకొండలో ఆదివారం ఉదయం పది. మా అత్తమ్మ వాళ్ల చర్చిలో ఆరాధన మొదలయ్యేది అప్పుడే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి చర్చిలు మూతపడ్డాక వాళ్లు యూట్యూబ్‌లో ప్రసారం పెట్టారు, ఇప్పటికీ ఆపలేదు. మరునాడు పొద్దున మేం ఆ రికార్డింగ్ చూస్తాం. మా పిల్లలకు తెలుగు కీర్తనలు వచ్చాయంటే దాని పుణ్యమే. మోకాళ్ల నొప్పులు ఎక్కువైన రోజుల్లో అత్తమ్మకూ ఫోనే చర్చి. అందుకే ఆన్‌లైన్ ఆరాధనను నేను తీసిపారేయను.

కానీ ఇక్కడి తెలుగు స్నేహితులు కొందరు, "మన ఊరి చర్చి ప్రసంగమే ఇంట్లో వినబడుతుంటే పిల్లల్ని కారెక్కించుకుని ఇంకో చర్చికి ఎందుకు పోవాలి?" అంటున్నారు. ఆ మాటే నాకు టెన్షన్.

పోయిన సెలవుల్లో హనుమకొండ వెళ్లాం. పాపకు పాస్టర్ అయ్యగారి గొంతు తెలుసు, పుల్పిట్ వెనక గోడ మీద రాసిన బైబిల్ వాక్యం తెలుసు. జంపఖానా మీద కూర్చున్నవాళ్లలో మాత్రం నానమ్మ తప్ప ఎవరూ తెలియదు. ఆరాధన అయ్యాక బయట చెప్పులు వెతుక్కుంటుంటే ఒక పెద్దామె వచ్చి దాని చెంపలు నిమిరింది. "నువ్వేనా బిడ్డా? నీకు పానం బాగలేదని మీ నానమ్మ చెప్పినప్పటి సంది రోజూ నీ పేరు చెప్పి ప్రార్థన చేస్తున్న" అంది. పాపకు ఏం అనాలో తోచలేదు. ఆటోలో అడిగింది: "ఈ అమ్మమ్మ టీవీలో ఎప్పుడూ కనబడలేదేంటి?"

ఎలా కనబడుతుంది? కెమెరా ఎప్పుడూ ప్రసంగం చెప్పేవారి వైపే ఉంటుంది. తన కోసం ప్రార్థించే మనుషులు ఉన్నారన్న సంగతే ఆ పిల్లకు తెలియకుండా పోయింది. రెండు దేశాల మధ్య పెరిగే పిల్లలకు అమ్మానాన్నలు కాక తమను పేరుతో ఎరిగిన పెద్దవాళ్లు చాలా అవసరం. ప్రసంగం బోరు కొడితే ముందుకు జరిపేయడం టీవీ దగ్గర కుదురుతుంది. సంఘంలో పక్కన కూర్చున్న ఆంటీ ఏడుస్తుంటే ఏం చేయాలో నేర్చుకోవాల్సి వస్తుంది. బైబిల్‌లోని హెబ్రీ పత్రిక 10:25లో కూడుకోవడం మానొద్దన్న మాట వెంటే ఒకరినొకరు హెచ్చరించుకోమని కూడా ఉంది. స్క్రీన్ మనల్ని హెచ్చరించదు, మనం రాకపోతే ఎందుకు రాలేదని అడగదు.

ఆ ట్రిప్పులోనే వరంగల్‌లో రైలెక్కి డోర్నకల్ వెళ్లాం. 1912లో అక్కడ బిషప్ అయిన అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. ఆయన కాలంలో కట్టిన కెథడ్రల్‌లో, అంటే బిషప్ ఉండే ప్రధాన చర్చిలో, గుమ్మటాలున్నాయి, గుడి మండపాన్ని తలపించే స్తంభాలున్నాయి. చర్చి అంటే అమెరికాదే అనుకునే మా బాబు ఆ స్తంభాల చుట్టూ చాలాసేపు తిరిగాడు. ఫొటోల్లో చూడడంకంటే అలా తిరగడమే వాడికి పనికొచ్చిందని నా నమ్మకం.

అత్తమ్మ చర్చికి రాలేని నెలలో యేసు కడరాత్రి భోజనాన్ని గుర్తు చేసుకునే ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షారసం పట్టుకుని అయ్యగారే ఇంటికి వస్తారు. ప్రసారం ఉంది కదా అని ఆయన రావడం మానలేదు.

మా డాలస్ తెలుగు క్రైస్తవ సహవాసం ఆదివారం మధ్యాహ్నం ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని కూడుకుంటుంది. సండే స్కూల్‌కు టీచర్లు చాలట్లేదు, కుర్చీలు వేయడానికి మనుషులు కావాలి. ఇంట్లో టీవీ ముందు ఆరాధన చేసుకుంటున్న కుటుంబాలు రికార్డింగ్ పొద్దున్నే చూసేసి, మధ్యాహ్నం పిల్లలతో రండి.