నా స్టీల్ గిటారుకు ఆంప్లిఫయర్ దొరికేదాకా

నిన్న రాత్రి తొమ్మిదింటికి మా హాల్లో ఆంప్లిఫయర్ ఆన్ చేసి, ఒక్క తీగ మీటి, బార్‌ను మెల్లగా పన్నెండో గీత దాకా జరిపి అక్కడే ఆపాను. గుర్రు లేదు, గూఁ అనే రొద లేదు. స్వరం సన్నగా సాగి సాగి ఫ్యాను గాలిలో కలిసిపోయింది. పదకొండు నెలలు తిరిగింది ఈ ఒక్క స్వరం కోసమే. సంబరం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

తెలియనివాళ్లకు ఒక మాట. స్టీల్ గిటారంటే ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, ఎడమచేత్తో బరువైన ఉక్కు బార్‌ను తీగల మీద జరుపుతూ వాయించేది. మనవైపు పాతవాళ్లు హవాయియన్ గిటారు అంటారు. వాన్ షిప్లే, కలకత్తా సునీల్ గంగూలీ రికార్డులు విన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. నాకు ఈ పిచ్చి అంటించింది రేణిగుంట రైల్వే క్వార్టర్సులో ఉండిన ఒక మాస్టారు. అప్పట్లో నేను డిగ్రీ చదువుతున్నాను. తరవాత ఉద్యోగం, పిల్లలు, ఇల్లు. రిటైరయ్యాక అటక మీదినుంచి గిటారు దించాను. తీగలు మార్చాను. ఆంప్లిఫయర్ ఒక్కటే లేదు.

అదేమంత పని, కొనుక్కుంటే సరిపోతుందనుకున్నాను.

మొదట ఇరవై వాట్ల చిన్న డబ్బా ఒకటి కొన్నాను. కుర్రాళ్లు ఇంట్లో ప్రాక్టీసుకు వాడేది, ఎనిమిది అంగుళాల స్పీకరు. లావు తీగ మీటితే తడిసిన అట్టపెట్టెను కొట్టినట్టుంది. వారం రోజులకే పక్కన పెట్టేశాను. అది కుర్రాళ్ల తప్పూ కాదు, డబ్బా తప్పూ కాదు. స్టీల్ గిటారు వాయించే తీరే వేరు. గిటారుకూ ఆంప్‌కూ మధ్య కాలి కింద ఒక వాల్యూమ్ పెడల్ ఉంటుంది. తీగ మీటినప్పుడు పెడల్‌ను సగంలో ఉంచుతాం. స్వరం తగ్గిపోతున్నకొద్దీ పాదం నొక్కుతూ పోతాం. అప్పుడే స్వరం చావకుండా గాత్రంలా సాగుతుంది. అంటే ఆంప్‌లో ఎప్పుడూ వాడేదానికంటే ఎంతో ఎక్కువ శక్తి నిలవ ఉండాలి. అది లేకపోతే పాదం నొక్కగానే శబ్దం చిట్లిపోతుంది. రాక్ వాయించేవాళ్లకు ఆ చిట్లడమే కావాలి. మాకు అది చిల్లుపడిన డప్పు. మూడు తీగలు కలిపి బార్ జరిపితే మూడూ విడివిడిగా వినపడాలి, చిట్లితే అంతా ముద్దయిపోతుంది. అందుకే అమెరికాలో స్టీల్ వాయించేవాళ్లు 200 వాట్ల ఆంప్‌లు మోసుకు తిరుగుతారు, చెవులు పగలగొట్టడానికి కాదు.

ఈ సంగతి నేను చెన్నైలో ఒక దుకాణంలో చెప్పబోతే, కౌంటర్లో కూర్చున్నాయన నన్ను మధ్యలోనే ఆపేశాడు. "గిటారంటే గిటారే సార్. మీకు ఆంపే అక్కర్లేదు. ఈ కన్వర్టర్ జాకు తీసుకోండి, నేరుగా మైకుసెట్టు మిక్సర్లో పెట్టేయొచ్చు" అని 350 రూపాయల తీగ ముక్క చేతిలో పెట్టాడు. నేనూ చదువుకున్నవాణ్నే, అయినా నమ్మాను. డబ్బు మిగులుతుందంటే మనిషి ఏదైనా నమ్ముతాడు. ఆ దుకాణం పేరు రాయను. ఆ జాకు మాత్రం ఇప్పటికీ మా ఇంట్లో మేకుకు వేలాడుతోంది. దాన్ని చూసినప్పుడల్లా మంటే.

ఆ జాకు తీసుకునే మా తోడల్లుడి కూతురి రిసెప్షన్‌కు వెళ్లాను. తిరుచానూరు రోడ్డులో కల్యాణ మండపం. మావాడే బతిమాలాడు, "అన్నా, పెండ్లికొడుకు తరఫువాళ్లు మద్రాసోళ్లు, సంగీతం తెలిసినోళ్లు. నువ్వు ఒక అరగంట వాయించాల" అని. నాకు లోపల్లోపల ఆనందమే. రెండు అన్నమయ్య కీర్తనలు, ఒక పాత సినిమా పాట నెలరోజులు సాధన చేశాను. సాయంత్రం ఐదింటికే వెళ్లి మైకుసెట్టు అబ్బాయికి జాకు ఇచ్చాను. మిక్సర్లో పెట్టాడు. శబ్దం వచ్చింది. కొంచెం జలుబు చేసినట్టుంది కానీ, వచ్చింది. "సెట్టయిపోయింది సామీ" అన్నాడు. నేను వెళ్లి కాఫీ తాగి, పట్టు కండువా వేసుకున్నాను.

ఏడున్నరకు స్టేజీ ఎక్కాను. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ సింహాసనాల మీద కూర్చున్నారు. మొదటి తీగ మీటానో లేదో, సరిగ్గా అప్పుడే మండపంవాళ్లు సీరియల్ సెట్లు వేశారు. స్టేజీ వెనక, స్తంభాలకు, గేటు దాకా వేల బల్బులు. గూఁ... అని స్పీకర్లలో ఒక రొద మొదలైంది. కీర్తన ఏ శ్రుతిలో ఉందో ఆ రొద ఇంకో శ్రుతిలో ఉంది. లైట్లు వెలిగి ఆరుతున్నాయి కాబట్టి రొద కూడా గూఁ, గుర్ర్, గూఁ అని తాళం వేస్తోంది. నా గిటారు పికప్, అంటే తీగల కదలికను కరెంటుగా మార్చే అయస్కాంతం, పాతకాలపు సింగిల్ కాయిల్, ఒకే తీగచుట్టది. చుట్టుపక్కల కరెంటు తీగల్లో ఏం జరిగినా అది వింటుంది, విన్నదంతా చెబుతుంది. మండపానికి ఎర్త్ సరిగ్గా ఉందో లేదో దేవుడికే తెలియాలి.

నేను మైకుసెట్టు అబ్బాయి వైపు చూశాను. అతను ఫోన్లో ఉన్నాడు. చెయ్యి ఊపాను. బొటనవేలు పైకెత్తి చూపించి, శబ్దం చాలడంలేదేమో అనుకుని, ట్రెబుల్, అంటే హెచ్చు స్వరాల నాబ్, పూర్తిగా తిప్పాడు, దానితోపాటు వాల్యూమూ తిప్పాడు. అప్పుడు నా బార్ పై గీతల మీద జారుతోంది. హాలంతా కియ్యోమంది.

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలావిడ, పెళ్లికొడుకు మేనత్తట, చెవులు మూసుకుని గట్టిగా అడిగింది: "ఎవురబ్బా పిల్లిని తొక్కినారు?"

నవ్వు వెనక వరస దాకా పాకింది. పెళ్లికొడుకు కూడా నవ్వాడు, తలపాగా ఊగేటట్టు. నేను బార్ ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాను. చేతికి చెమట, బార్ జారి చెక్క స్టేజీ మీద ధన్‌మని పడి దొర్లుకుంటూ పోయింది. ఫోటోగ్రాఫరు కాలితో ఆపి నాకు అందించాడు. అది తీసుకుని మళ్లీ వాయించాలా, లేచి వెళ్లాలా అని తేల్చుకునేలోపలే మైకుసెట్టు అబ్బాయి సినిమా పాట పెట్టేశాడు. నన్ను ఆపమని ఎవరూ అనలేదు. ఆపాల్సిన అవసరమే లేకుండా పోయింది. ముప్పై ఏళ్లు ఆఫీసులో పైవాళ్ల చేత మాటలు పడ్డాను గానీ, ఇంత చిన్నబోవడం ఎప్పుడూ లేదు.

భోజనాల దగ్గర మా తోడల్లుడు నా పక్కన కూర్చోలేదు. కూర్చున్నది పొద్దున ముహూర్తానికి నాదస్వరం వాయించినాయన. విస్తట్లో పాయసం కలుపుకుంటూ, "కరెంటును నమ్ముకుంటే ఇంతే సామీ. మాకు ఊపిరి ఉంటే చాలు" అన్నాడు. ఓదార్పో, గొప్పో నాకు అర్థం కాలేదు. కానీ ఆయన వాయిస్తే మైకు లేకుండానే వీధి చివరి దాకా వినిపించింది, కాబట్టి నోరు మూసుకున్నాను.

తరవాత చదివి తెలుసుకున్నది: గిటారు పికప్‌కు ఎదురుగా పది లక్షల ఓమ్‌ల దరిదాపుల్లో ఇంపిడెన్స్ (కరెంటుకు అడ్డు) ఉన్న ఇన్‌పుట్ ఉండాలి. మిక్సర్ మైకు ఇన్‌పుట్‌కు అది వేలల్లోనే ఉంటుంది. పికప్‌ను దానికి నేరుగా తగిలిస్తే హెచ్చు స్వరాల మెరుపంతా అక్కడే చచ్చిపోతుంది. ఆ "జలుబు" అదే. మైకుసెట్టు అబ్బాయిని ఆ రాత్రంతా తిట్టుకున్నాను, ఇప్పుడు తిట్టను. చచ్చిన ట్రెబుల్‌ను బతికించబోయాడు పాపం. ఫోన్లో మాట్లాడటం మాత్రం తప్పే. మధ్యలో ఒక డీఐ బాక్సు, అంటే గిటారుకూ మిక్సర్‌కూ పొత్తు కుదిర్చే చిన్న పెట్టె, పెట్టి ఉంటే సగం పరువు దక్కేది. చెన్నై దుకాణంవాడి అలమరలో అవి కనపడుతూనే ఉన్నాయి, నాకు చెప్పలేదు.

ఇక్కడ ఒక మాట అనకపోతే నాకు నిద్ర పట్టదు. మా వీధిలో ఎలక్ట్రిక్ గిటారు వాయించే కుర్రాడు ఒకడున్నాడు, నా వాద్యాన్ని చూసి "అంకుల్, ఇది పాత మోడలా?" అంటాడు. ఒరే నాయనా, వ్యాపారంగా అమ్ముడుపోయిన మొదటి ఎలక్ట్రిక్ గిటార్లలో ముందున్నదే స్టీల్ గిటారు. రికెన్‌బ్యాకర్ వాళ్ల "ఫ్రైయింగ్ పాన్", 1930ల మొదట్లోది, పెనం ఆకారంలో ఉంటుంది. లియో ఫెండర్ కూడా 1945లో భాగస్వామితో కలిసి చేసి అమ్మింది ల్యాప్ స్టీల్ (ఒళ్లో పెట్టుకునే స్టీల్ గిటారు), దానికి జతగా ఆంప్. మీ వాద్యం మా వాద్యానికి తమ్ముడు. అతనికి ఇదంతా చెప్పాను. హెడ్‌ఫోన్లు పెట్టుకునే విన్నాడు.

రిసెప్షన్ తరవాత ఆరు నెలలు ఎక్కడ ఏ ఆంప్ ఉందంటే అక్కడికి గిటారు మోసుకుపోయి వాయించి చూశాను. ఫెండర్ ట్విన్ రివెర్బ్ ఒక రిహార్సల్ స్టూడియోలో దొరికింది. 85 వాట్లు, రెండు 12 అంగుళాల స్పీకర్లు, పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులు. ఆ తీపి వేరే దేనికీ రాదు, ఒప్పుకుంటాను. కానీ 29 కిలోల దాకా బరువు, నాకేమో అరవై దాటాయి. వాల్వులు పోతే తిరుపతిలో ఎవరు మారుస్తారు? రోలాండ్ జేసీ 120 ఒక చర్చిలో దొరికింది, 1975 నుంచీ వస్తున్న మోడల్. శుభ్రంగా పలికింది. దాని కోరస్ ఆన్ చేస్తే మాత్రం నా స్వరం పక్కన నాలాంటివాడే ఇంకొకడు కొంచెం అపశ్రుతిలో పాడుతున్నట్టుంది. గీతలు చూసి కాకుండా చెవితో శ్రుతి పట్టుకునే వాద్యానికి అది ఎందుకు? ఇక వంద రకాల ఆంప్‌ల గొంతులు ఒక్కదాంట్లోనే ఉన్నాయని చెప్పుకునే డిజిటల్ డబ్బాలు. అందులో తొంభై గొంతులు చిట్లే గొంతులే. నాకు బొత్తిగా పడలేదు.

చివరికి దొరికింది పీవీ కంపెనీ ఆంప్, నాష్‌విల్ 400. 1980లలో వచ్చిన మోడల్, స్టీల్ గిటారు కోసమే చేసింది. 210 వాట్లు, ఒకటే 15 అంగుళాల స్పీకరు, వాల్వులు లేవు. చెన్నై పెరంబూరులో ఒక రిటైర్డ్ రైల్వే పెద్దాయన దగ్గర గుడ్డ కప్పి ఉంది. ఆయన వాయించడం మానేసి చాలా ఏళ్లయిందట. బేరం ఆడలేదు, ఆడబుద్ధి కాలేదు. డబ్బు తీసుకున్నాక కూడా ఆయన చెయ్యి దాని మీదే ఉంది.

పార్సిల్ ఆఫీసులో ఒక పూట పోయింది. రసీదు మీద "స్టీల్ గిటార్ ఆంప్లిఫయర్" అని రాయమన్నాను. గుమాస్తా "స్టీల్" దగ్గరే ఆగాడు. స్టీలు సామానుకు బిల్లు కావాలన్నాడు. ఇది పాత్రలు కాదయ్యా, పెట్టె అన్నాను. "స్టీలు పెట్టెకైనా బిల్లే సార్." చివరికి "పాత రేడియో" అని రాయించాను. మీరూ అలాగే రాయించండి.

ఇంటికొచ్చాక వెనక చూస్తే 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది. మన 230 ప్లగ్గులో పెట్టి ఉంటే కథ అక్కడితో సరి. గాంధీ రోడ్డు వైపు ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే ఒకాయన వోల్టులు తగ్గించే 1000 వీఏ స్టెప్‌డౌన్ చేసిచ్చాడు. 60 హెర్ట్జ్ కోసం చేసింది మన 50 మీద కాస్త ఎక్కువ వేడెక్కుతుందని, 120 బదులు 110 ఇచ్చేటట్టు ఆయనే చుట్టాడు. నేను అడగలేదు, ఆయనే చెప్పాడు. పనివాడంటే అట్లా ఉండాలి. నాబ్‌లు తిప్పితే కరకరమంటుంటే స్ప్రే కొట్టి శుభ్రం చేశాడు.

అయినా గూఁ ఉంది. నాకు మళ్లీ ఆ మండపం, ఆ ముసలావిడ గుర్తొచ్చి కాళ్లు చల్లబడ్డాయి. ఆయనే ఇంటికొచ్చి మీటరు పెట్టి చూశాడు. మా ఇంటి ఎర్త్ పేరుకే ఎర్త్. పెరట్లో గుంత ఎండిపోయి ఎన్నేళ్లయిందో. ఉప్పు, బొగ్గు వేసి రెండు బకెట్ల నీళ్లు పోశాం. గంట తరవాత రొద ముప్పాతిక వంతు పోయింది. మిగిలిన పాతిక ట్యూబ్‌లైటుది. అది ఆర్పి, గిటారును కాస్త వాలుగా తిప్పి కూర్చుంటే అదీ పోయింది. ఆ ఆంప్‌లో మిడ్ (నడిమి స్వరాల) నాబ్ పక్కనే ఇంకో నాబ్ ఉంటుంది, ఏ మిడ్‌ను తగ్గించాలో చెప్పేది. దాన్ని 800 హెర్ట్జ్ దగ్గర పెట్టి మిడ్ కాస్త తగ్గించమని స్టీల్ వాయించేవాళ్లలో పాత చిట్కా. పెట్టాను. గొంతులో ఇరుక్కున్నదేదో తీసేసినట్టయింది.

పొద్దున వంటింట్లోంచి మా ఆవిడ కేక వేసింది, మిక్సీ పాడైపోయిందని. వెళ్లి చూస్తే చట్నీ జారు నీరసంగా తిరుగుతోంది. వైరు ఎక్కడికి పోయిందా అని చూస్తే నా స్టెప్‌డౌన్‌లో ఉంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎర్ర స్కెచ్‌పెన్‌తో "గిటారుకు మాత్రమే" అని రాసి ఇప్పుడే అతికించి వచ్చాను.