జాంజిబార్‌లో కస్టమ్స్ ఆఫీసు పైన పాట

2018లో జాంజిబార్ (తూర్పు ఆఫ్రికాలో టాంజానియా దీవి) వెళ్ళింది బీచ్ కోసమే అసలు, సంగీతం ప్లాన్‌లోనే లేదు. రెండో రోజు అక్కడి పాత ఊరు స్టోన్ టౌన్ సందుల్లో దారి తప్పి తిరిగి తిరిగి సముద్రం ఒడ్డున తేలాను, అక్కడ పాత కస్టమ్స్ హౌస్ పైనుంచి ఫిడేళ్ళు వినపడుతుంటే ఆగలేక మెట్లెక్కేశా. ఒకప్పుడు ఓడ సరుకుకి సుంకం కట్టించుకున్న బిల్డింగే, నేను వెళ్ళేనాటికి ధౌ కంట్రీస్ మ్యూజిక్ అకాడమీ అనే సంగీత పాఠశాల. లోపల తారాబ్ అనే ఇక్కడి సంగీతం ప్రాక్టీసు నడుస్తోంది.

ఖానూన్ (మన స్వరమండల్‌కి పెద్దన్న అనుకోండి), ఊద్ (వీణలా మీటే తీగ వాయిద్యం) అరబ్బులవి, ఫిడేలు, అకార్డియన్ యూరప్‌వి, పాడేదేమో ఇక్కడి భాష స్వాహిలీలో. 1870 నుంచి 1888 దాకా జాంజిబార్‌ని ఏలిన సుల్తాన్ బర్గాష్‌కి కైరో సంగీతమంటే పిచ్చట, ఇక్కడి మనిషినొకణ్ణి కైరో పంపించి మరీ ఖానూన్ నేర్పించాడని చెప్తారు. ఆ ఆస్థానం డాబంతా లవంగాలు, ఏనుగు దంతాలు, బానిసల వ్యాపారం మీద వచ్చిందే, ఇది తెలిశాక ఆ పాట ఇంకోలా వినపడింది నాకు.

మొదట్లో ఇదంతా అరబీలో, కొలువులో పాడుకునే పాట. దాన్ని స్వాహిలీలో జనం మధ్యకి తెచ్చిన వాళ్ళలో పెద్ద పేరు సితీ బింతీ సాద్. బానిసల ఇంట్లో పుట్టి కుండలమ్ముకున్న మనిషి! 1928లో ఆమె రికార్డింగ్ కోసం ఎక్కడికెళ్ళిందో తెలుసా, మన బొంబాయికి. హెచ్ఎంవీ వాళ్ళు అక్కడ రికార్డు చేశారు. జాంజిబార్ అప్పటికి బ్రిటిష్ ప్రొటెక్టరేట్ (సుల్తాన్ ఉన్నా పెత్తనం బ్రిటిష్ వాళ్ళది), బొంబాయి కూడా వాళ్ళదే, మధ్యలో ఓడలు ఎప్పట్నుంచో తిరుగుతూనే ఉన్నాయి. తర్వాత ఈ తీరంలో హిందీ సినిమా ట్యూన్లకి స్వాహిలీ మాటలు కట్టి పాడుకోవడం కూడా మామూలైపోయింది.

బ్రేక్‌లో ఫిడేలాయన ఏ ఊరని అడిగితే ఇండియా అన్నాను. మా దగ్గరా ఈ వాయిద్యం తెల్లోళ్ళతోనే వచ్చింది, కానీ మేం కింద కూర్చుని వాయిస్తాం అని ఫోన్‌లో ఒక కచేరీ వీడియో చూపించా. ఫిడేలు తల పాదం మీద ఆనించడం చూసి ఆయన పగలబడి నవ్వాడు, ఆ తర్వాత చెప్పులు విడిచి నేల మీద బాసింపట్టు వేసుకుని ట్రై చేశాడు కూడా, రెండు స్వరాలు పలికాయో లేదో ఫిడేలు జారిపోయింది.