అమ్మమ్మ మెడ పట్టేసిన వీడియో

పన్నెండు దాటింది. నిద్ర పట్టక లేచి వచ్చి కూర్చున్నాను. ఈయన ఒకసారి కళ్ళు తెరిచి "మళ్ళీ కెమెరా గొడవేనా" అని అటు తిరిగి పడుకున్నారు. అవును, మళ్ళీ అదే.

పొద్దున్న ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళాను కదా. నేను ఒప్పుకున్నది ఫొటోలకే. తీరా అక్కడికెళ్ళాక ఆ పిల్ల బాబాయి వచ్చి "మేడమ్, మీ కెమెరాలో 4కె ఉంది కదా, కాస్త వీడియో కూడా తీసెయ్యండి" అన్నాడు. 4కె అంటే బాగా స్పష్టంగా వచ్చే వీడియో. ఎన్నిసార్లు చెప్పాను ఇక్కడ, ఆ "కాస్త" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుందని. కాదనలేకపోయాను. హారతి అయ్యాక వాళ్ళమ్మ పూలజడ సరిచేస్తోంది, జడ బరువుకి పిల్ల తల వెనక్కి వెళ్ళిపోతోంది, ఆ వెనకాల స్తంభం పక్కన నిలబడి వాళ్ళ నాన్న కండువా అంచుతో కళ్ళు ఒత్తుకున్నాడు. రెండు సెకన్లు ఉందేమో. ఆ రెండు సెకన్లూ నేను వీడియో తీస్తున్నాను.

పోనీలే, 4కె కదా, అందులోంచి ఒక ఫ్రేమ్, అంటే వీడియోలోని ఒక్క బొమ్మ, తీసుకుందాం అనుకుని ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా అదే పనిగా వెతికాను. దొరికింది. కానీ చెయ్యి మొత్తం చెదిరిపోయింది, కండువా ఎక్కడ అయిపోయిందో బుగ్గ ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. వీడియో సెకనుకి 25 ఫ్రేములు అంటే షట్టర్ సెకనులో యాభయ్యో వంతు (1/50) తెరిచి ఉండేలా పెడతాం, అప్పుడే కదలిక కంటికి నునుపుగా కనిపిస్తుంది. అదే ఫొటో అయితే 1/250 కన్నా నెమ్మదిగా పెట్టేదాన్ని కాదు. పిక్సెళ్ళు, అంటే బొమ్మలోని చుక్కలు, 83 లక్షలు ఉన్నాయి నిజమే, కానీ ఆ 83 లక్షలూ కలిసి చెదిరిన చేతినే చూపిస్తుంటే ఏం చేసుకోను? ఫొటో తీసేవాళ్ళం ఒక క్షణం కోసం కాచుకుని కూర్చుంటాం, వీడియో తీసేటప్పుడు కెమెరా ఎలాగూ తిరుగుతోంది కదా అని ఆ కాచుకోవడమే మానేస్తాం. ఇవాళ నేను చేసింది అదే.

ఇంతలో గంటంబావు వీడియోకి 56 జీబీ. లాప్‌టాప్‌లో చోటు లేదు, బుజ్జిగాడి బారసాల ఫోల్డర్ ఇంకో డిస్క్‌లోకి మార్చి దీనికి జాగా చేశాను. ఈ అవస్థలో ఉండగా సాయంత్రం కెమెరా షాపు కుర్రాడు ఫోన్ చేసి, పాతది ఇచ్చేసి 8కె (4కెకి నాలుగింతల పిక్సెళ్ళు) ఉన్నది తీసుకోండి మేడమ్, ఇక ముందంతా అదే అంటాడు. 8కె ఉన్న కానన్ ఆర్5 కెమెరా 2020లో వచ్చినప్పుడు 8కె రా ఫుటేజ్, అంటే కెమెరా పట్టింది పట్టినట్టు దాచే వీడియో, సెకనుకి 2600 మెగాబిట్లు, అంటే 128 జీబీ కార్డు ఆరు నిమిషాలకి నిండిపోతుంది. పైగా అది వేడెక్కి ఆగిపోతుంది, 23 డిగ్రీల దగ్గర అయితే వరసగా 20 నిమిషాలు తీయొచ్చని కంపెనీవాళ్ళే చెప్పారు. మే నెలలో కాకినాడలో షామియానా కింద 23 డిగ్రీలు నాకెవరు తెచ్చిస్తారు? లైకా ఎం11లో వీడియోనే పెట్టలేదు, 2013లో నికాన్ డీఎఫ్‌లోనూ లేదు. ఫొటోలకని చేసిన కెమెరా ఫొటోలే తీయాలి అనే వాళ్ళు ఉన్నారని సంతోషం వేస్తుంది నాకు.

అని అంతా రాసేసి, పడుకుందాం అనుకుంటుంటే అమ్మమ్మ గుర్తొచ్చింది.

2010 సంక్రాంతి. నా నికాన్ డీ90 కెమెరా కొత్త. అసలు వీడియో తీసిన మొదటి డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకునే కెమెరా) అదే, 2008లో వచ్చింది. అందులో 720పీ వీడియో, అంటే 4కె కంటే బాగా తక్కువ పిక్సెళ్ళు, ఒక్కో క్లిప్ ఐదు నిమిషాలు, ఫోకస్ మనమే తిప్పుకోవాలి. అమ్మమ్మ అరుగు మీద కూర్చుంది. ఫొటో అంటే చాలు, పమిట నిండా కప్పుకుని, పెదవులు బిగించి, పాస్‌బుక్కులో ఫొటోలాగా అయిపోయేది. నేను వీడియో నొక్కాను, ఆవిడకి చెప్పలేదు. అలాగే బిగుసుకుని కూర్చుంది. పది సెకన్లు, ఇరవై, ముప్పై. కోడి ఒకటి వచ్చి చాటలో ఆరబోసిన పప్పు పొడుస్తోంది. కళ్ళు మాత్రం కోడి వైపు తిప్పింది, తల తిప్పలేదు. చివరికి "ఇంకా తియ్యలేదేంటే? మెడ పట్టేసిందే తల్లీ" అని, హుష్షని కోడిని తోలి, తనకే నవ్వొచ్చి, ముందు పన్ను ఊడిన చోట నాలిక పెట్టి నవ్వింది.

ఆ నవ్వు ఏ ఫొటోలోనూ లేదు. పెద్దకార్యానికి గోడకి ఫొటో కావలసి వచ్చినప్పుడు నేను ఆ ఫ్రేమ్ తీశాను. మొత్తం 9 లక్షల పిక్సెళ్ళు. సరిగ్గా ప్రింట్ వేస్తే అడ్డంగా నాలుగంగుళాలు వస్తుంది. పెద్దది చేయించి చూశాను, మొహం మీద గళ్ళు గళ్ళు. మావయ్య "వద్దులేవే" అన్నాడు. ఆ బిగుసుకున్న ఫొటోకే దండేశాం. అది అదే కెమెరాతో తీసింది, కోటీ ఇరవై లక్షల పిక్సెళ్ళు, చెవి దిద్దుల రాయి కూడా కనిపిస్తుంది, కానీ అందులో మా అమ్మమ్మ లేదు.

నవ్వేటప్పుడు ఆవిడ తల ఒక్క క్షణం ఆగింది. ఇందాక మళ్ళీ ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూశాను, చెదరలేదు. అది 4కె అయ్యుంటే పన్నెండంగుళాలు వచ్చేది. 8కె అయితే గోడకి ఎంత కావాలంటే అంత.

మరి పైన రాసిందంతా తప్పా? తప్పు కాదు. ఫంక్షన్లో డబ్బు తీసుకుని పనిచేసేటప్పుడు నాకు వీడియో వద్దు, ఇప్పటికీ అదే అంటాను. ఇంట్లో కావాలి. అత్తయ్య గుమ్మం దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే, ఫొటో అని చెప్పగానే బిగుసుకుపోయే ఆవిడ దగ్గర కావాలి. రెండింటికీ ఒకే కెమెరా ఉండటమే నా చిక్కు. ఈయనయితే, వీడియో కోసం సెన్సర్‌ని (వెలుతురుని బొమ్మగా మార్చే భాగాన్ని) అంత వేగంగా చదవగలిగితేనే ఫొటోల్లో కన్ను వదలకుండా పట్టుకునే ఫోకస్ కూడా బాగుంటుంది, వీడియో వద్దనుకున్నా ఆ లాభం నీకే కదా అంటారు. అదీ నిజమే. ఇవాళ మాత్రం ఒప్పుకోవాలని లేదు.

వీడియో కాపీ 91 శాతం దగ్గర ఉంది. రేపు పదింటికి ఆ పిల్ల వాళ్ళ నాన్న ఫొటోలు చూసుకోవడానికి వస్తానన్నాడు. ఆ చెదిరిన ఫ్రేమ్ చూపించాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నాను. ముందు అన్నం తినాలి.